మిద్దె మీది ఎండ

అద్దెకున్నవాళ్లకు మిద్దె తాళంచెవి ఇచ్చేది లేదన్నాడు అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీ, ఎండ కూడా సొంతదారుల ఆస్తే అన్నట్టు. కింది వాటాలోని కుట్టుపనామె ఆ మాట చాలాకాలం దిగమింగింది. పాత రంగు డబ్బాల్లో కొత్తిమీర, లెట్యూస్ వేసి, కిటికీలో పడే చారెడు ఎండ వెంట వాటిని పొద్దంతా జరుపుతూ ఉండేది. అయినా ఆకు పాలిపోయేది. ఆ ఆకంతా ఆమె పెంచుకునే రెండు గినీ పందులకు. గుడ్డ కోసే కత్తెరతోనే ఆకూ కోస్తుంది కాబట్టి, కత్తెర చప్పుడైతే చాలు, తిండి వచ్చిందని అవి ఈలలు వేస్తాయి.

ఒకరోజు సెక్రటరీ, సాయంత్రం పెళ్లికి వేసుకోవాలంటూ కొత్త ప్యాంటు తెచ్చి, పొడుగు తగ్గించమని ఎదురుగా కూర్చున్నాడు. ఒక కాలు కత్తిరించిందో లేదో, ఇల్లంతా ఈలలు. "ఏంటమ్మా ఈ గోల?" అన్నాడు. "ఆకలి బాబూ. ఎండ మీ జేబులో ఉందని వాటికేం తెలుసు పాపం," అంటూ ఆమె కత్తెర బల్ల మీద పెట్టి, మెడలో టేపు సర్దుకుంది. "రెండో కాలు తాళంచెవి వచ్చాక చూద్దాం." "బెదిరిస్తున్నావా?" "అయ్యో, లేదు. ఇలాగే వేసుకెళ్లినా బానే ఉంటుంది." ఇప్పుడు మిద్దె మీద అద్దె వాటాలవాళ్లందరి డబ్బాలూ పచ్చగా కళకళలాడుతున్నాయి. గినీ పందులు బంతుల్లా తయారయ్యాయి. మీ మిద్దె తాళంచెవి ఎవరి దగ్గరుందో వాళ్లని ఇవాళే నలుగురూ కలిసి వెళ్లి అడగండి. వాళ్ల ప్యాంటు మీ చేతికి వచ్చేదాకా ఆగకండి.