మూడో లైనరు కింద

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. షెడ్డుకి వచ్చేవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు, మా ఆవిడకి మరీ బాగా తెలుసు. కోపిష్టోడే గాని హస్తవాసి ఉన్న మేస్త్రీ అని అరకు రోడ్డు మీద జీపులు తోలేవాళ్లు నా గురించి చెప్పుకుంటారు. ఒకప్పుడు ఆ మాటకి పొంగిపోయేవాణ్ణి. ఇప్పుడు వింటే ఒళ్లు మండుతుంది. ఎవరి మీదో కాదు, నా మీద నాకే.

అనంతగిరి పైన కొండల్లో ఒక ఊరుంది. ఆ ఊరికంతటికీ ఒకటే జీపు, పాత డీజిల్ బండి. సంతకి మనుషుల్నీ, కాఫీ కోతల రోజుల్లో బస్తాల్నీ దింపేది అదే. దాన్ని తోలేది ఆ ఊరి రైతే. కోతలు మొదలైన కొత్తలో ఫోన్ చేశాడు.

"మేస్త్రీ, ఇంజనాయిలు పాలలాగ తెల్లగా అయిపోనాది. బండి కదలదు. నువ్వే బేగి రావాల."

ఆయిల్లో నీళ్లు కలిశాయన్నమాట. సామాన్లన్నీ సంచిలో వేసుకుని వెళ్లాను. పిస్టన్ ఆడే ఇనప గొట్టాన్ని లైనరు అంటాం. అది చల్లగా ఉండడానికి దాని చుట్టూ నీళ్లు తిరుగుతుంటాయి. ఘాట్ ఎక్కేటప్పుడు బండి కాగిపోయిందంటే చాలు, ఇతను పక్కన పారే గెడ్డలో నీళ్లు ముంచి రేడియేటర్లో పోసేసేవాడు. ఏళ్ల తరబడి ఆ నీళ్లకి లైనర్లు బయటివైపు తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. గెడ్డ నీళ్లు బండికి పట్టిస్తావా, బుద్ధుందా అని కేకలేశాను. అతను నవ్వాడు.

"మేం తాగితే ఏటీ అవలేదు గదా మేస్త్రీ, బండికేటైపోద్ది?"

వాళ్ల పెరట్లోనే టార్పాలిన్ కట్టి ఇంజను విప్పాను. నాలుగు లైనర్లూ మొండికేశాయి. మూడోది మరీనూ. పుల్లరు బిగించి, చుట్టూ కిరసనాయిలు పోసి, ఊపిరి బిగబట్టి తిప్పితే పొద్దు తిరిగాక వదిలింది. లైనరు అంచు ఇంజనులో ఒక సన్నటి గట్టు మీద కూర్చుంటుంది. ఆ మధ్యలో ఉండే రాగి రింగు చిరిగి వచ్చింది. మిగతా ముక్క గట్టు మీద తుప్పులో ఉండిపోయి ఉంటుంది, గీకెయ్యాలి అనుకుంటూ టీకి లేచాను.

తిరిగి వచ్చేసరికి అతని తల్లి ఇంజను దగ్గర నిలబడి ఉంది. నేను తెచ్చి పక్కన పెట్టిన కొత్త లైనర్లకి పసుపు రాసేసింది. వాటి మీదా, తెరిచి ఉన్న ఇంజను మీదా బియ్యం జల్లింది. ఆ ఊళ్లో కొత్తది ఏది వచ్చినా, నాగలి రానీ, మేక రానీ, కోడలు రానీ, ముందు ఆమె చేతి బియ్యం పడాలి. ఆమె చెయ్యి మంచిదని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు విత్తనాలు తెచ్చి ఆమె చేత ముట్టించుకుని మరీ పట్టుకెళ్తారట. అదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నాకు కనిపించింది బియ్యం ఒక్కటే.

"ఏటమ్మా ఈ పని! ఇది ఇంజననుకున్నావా, దేవుడి గదనుకున్నావా? ఒక్క గింజ లోపలుండిపోయిందంటే బండి బుగ్గయిపోద్ది!"

"కొత్తవి గదా బాబూ, ఊరికే ఎలాగ ఎట్టేస్తాం?" అంది. పక్కకి వెళ్లి నిలబడింది.

గొణుక్కుంటూనే టార్చి వేసి ఒక్కో గింజా ఏరాను. పసుపు తుడిచాను. గుడ్డతో తుడిచి వదిలెయ్యకు, గట్టు చుట్టూ వేలు పెట్టి చూడు అని పని నేర్పిన గురువు నన్ను వందసార్లు తిట్టి ఉంటాడు. ఆ రోజు నా కళ్లు బియ్యాన్ని తప్ప ఇంక దేన్నీ వెతకలేదు. ఆ విసురులోనే లైనర్ల రబ్బరు రింగులకి సబ్బు నీళ్లు రాసి, చెక్క ముక్క అడ్డం పెట్టి నాలుగూ దింపేశాను. మూడోదాని గట్టు గీకాలన్న సంగతే మరిచిపోయాను.

బండి బాగానే నడిచింది. పది రోజులకి ఘాట్ మలుపులో ఆగిపోయింది. సైలెన్సరు నిండా తెల్లటి ఆవిరిట, సంత జనమంతా రోడ్డు మీద దిగిపోయారట. ఏటయ్యుంటాది మేస్త్రీ అని ఫోన్లో అడిగాడు. నేను వేరే బండి కింద పడుకుని ఉన్నాను.

"ఇంకేటవుద్ది? మీ అమ్మ బియ్యం జల్లింది గదా, అదే!"

అతను ఫోన్ స్పీకర్లో పెట్టాడని నాకేం తెలుసు? అయ్యో, అయ్యో అని అవతల జనం అనుకోవడం వినబడింది.

వెళ్లి విప్పాను. మూడో లైనరు అంచు పగిలింది. దాని కింద గోరంత రాగి ముక్క. అది ఎత్తిపెట్టడం వల్ల లైనరు వంకరగా కూర్చుంది, పైన మూత, అదే హెడ్డు, బిగించిన బరువుకి పగిలింది. బియ్యం గింజ ఒక్కటీ లేదు. అతను అవతలివైపు జాకీ దగ్గర ఉన్నాడు. ముక్క తీసి జేబులో వేసుకున్నాను. నా సొంతానికి కొత్త లైనరు తెప్పించి బిగించాను. అతను రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. సిగ్గుతో చచ్చిపోయాను గాని నోరు విప్పలేదు. పేరు పోతే మళ్లీ వస్తుందా అనుకున్నాను. నా పేరు గురించే అనుకున్నాను, ఆమె పేరు సంగతి నాకు తట్టనే లేదు.

వానలకి ముందు ఆయిలు మార్పించడానికి షెడ్డుకి వచ్చాడు. అమ్మ బాగుందా అని అడిగాను.

"ఏటి బాగు మేస్త్రీ! మా అమ్మ ఇప్పుడు దేనికీ సెయ్యెట్టదు. ఊరోళ్లూ పిలవడం మానేసినారు. సోళ్లు సల్లాల, ఇత్తనాలు ముట్టమంటే ముట్టదు."

ఆ రోజు మళ్లీ పానా పట్టుకోలేకపోయాను. మర్నాడు పొద్దున్నే రాగి ముక్క పట్టుకుని కొండెక్కాను. ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన కోడలు చేటలో సోళ్లు, అవే రాగుల విత్తనాలు, చెరుగుతోంది, కొడుకు కూడా అక్కడే ఉన్నాడు. అందరి ముందూ చెప్పేశాను. తప్పు నాదమ్మా, ఇదిగో ఈ ముక్క తియ్యడం నేను మరిచిపోయాను, నీ బియ్యం వల్ల ఏమీ కాలేదు, తెలిసి కూడా ఇన్నాళ్లూ దాచాను అన్నాను. చెబుతుంటే ఏడుపొచ్చింది.

ఆమె ముక్కని అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. మళ్లీ నా చేతిలోనే పెట్టేసింది.

"ఇలాటి ముక్కలు నీ సంచిలో ఎన్నుండవు బాబూ! ముసిల్ది బాధపడతంది, ఊరుకోబెడదామని వచ్చినావు. మంచోడివి."

"అబద్ధం కాదమ్మా, ఒట్టు!"

"ఆవేళ పోన్లో కోపంగా సెప్పినావు గదా, అదే నిజం. కోపం మీదున్న మనిషి అబద్ధమాడడు."

విత్తనాల చేట నేనే తీసి ఆమె ముందు పెట్టాను. ఒక్కసారి ముట్టుకో అమ్మా అని బతిమాలాను. ఆమె చేతులు రెండూ కొంగు కిందకి లాక్కుంది. కాసేపు చూసి, కోడలు చేట ఎత్తుకుని పొలానికి వెళ్లిపోయింది.