నేను చంపేసిన ముప్ఫైమూడు చెట్లు

ఆ రోజుల్లో ఉద్యోగమంటూ ఒకటి దొరికితే చాలు, అది మనకు వచ్చిన పనా రాని పనా అని అడిగే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. అరవైల చివర, ఎస్సెల్సీ ఎలాగో గట్టెక్కి రెండేళ్లుగా అరుగు మీద పేపరు చదువుకుంటున్న నన్ను మా మావయ్య తీసుకెళ్లి రోడ్ల ఓవర్సీరుగారి ముందు నిలబెట్టాడు. కుర్రాడికి చెట్లంటే ప్రాణమని ఒక అబద్ధం కూడా ఆడాడు. (నాకు అప్పటికి తెలిసిన చెట్లు మూడు: మామిడి, కొబ్బరి, మా బడికి బెత్తాలు సరఫరా చేసిన చింత.) ఆ అబద్ధం పుణ్యమా అని రాజాం రోడ్డున నాలుగు మైళ్ల చెట్లు, ఒక తారు డబ్బా, ఒక కుంచె నా పాలబడ్డాయి. చచ్చిపోయిన చెట్లకు తారుతో ఇంటూ గుర్తు పెట్టి, జాబితా రాసి సోమవారం ఇవ్వాలి. గుర్తున్నవి కొట్టేస్తారు. పని నచ్చితేనే ఉద్యోగం ఉంటుందని ఓవర్సీరుగారు ముందే చెప్పేశారు. (ఆయన నవ్వగా చూసినవాళ్లు ఆఫీసులో లేరు.)

అది శివరాత్రి వెళ్లిన వారం. తురాయిలూ గుంపెనలూ ఒంటిమీద ఆకన్నది లేకుండా, ఎండుకొమ్మలు చాపుకుని రోడ్డుకి రెండు పక్కలా నిలబడి ఉన్నాయి. నాకు జాలేసింది. ఇన్ని చెట్లు చచ్చిపోతే ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదే అని ఆఫీసు మీద కోపం కూడా వచ్చింది. శనివారం పొద్దు వాలేలోగా ముప్ఫైమూడు ఇంటూలు పెట్టేసి ఇంటికొచ్చి, మన రోడ్డు చెట్లకు ఏదో పెద్ద రోగం తగిలిందని మా అమ్మకు డాక్టరులా చెప్పాను. ఆవిడ నిజంగానే భయపడింది.

మర్నాడు పొద్దున్నే, కొట్టబోయే చెట్లు చూసుకుందామని కోత మేస్త్రీ వచ్చాడు. ఊళ్లో అందరికీ ఆయన గొడ్డలి మావ. మొదటి తురాయి దగ్గర ఆగి, ఇంటూ వంక చూసి, నా వంక చూశాడు.

"ఇది సచ్చిపోనాదని ఎవులు సెప్పినారు బాబూ?"

ఆకుల్లేవు కదా అన్నాను. ఆయన రొంటిని దోపుకున్న చిన్న కత్తి తీసి, కొమ్మ మీద గోరంత బెరడు గీశాడు. లోపల లేత బెండకాయలా పచ్చగా, తడిగా ఉంది.

"సూడు. నిద్దరోతన్నాది. నిద్దరోయినోడ్ని పాడె కట్టి మోసుకెళ్లిపోతావేటి?"

ఎన్ని చెట్లు పడితే ఆయనకు అంత పని. అయినా చెప్పాడు. ఇద్దరం నాలుగు మైళ్లూ గీసుకుంటూ నడిచాం. నిజంగా చచ్చినవి రెండే. తక్కిన ముప్ఫైఒకటీ బతికే ఉన్నాయని తెలిసి గుండె కుదుటపడేలోగా ఇంకో సంగతి తట్టింది, తారు కడిగితే పోదు. ఉద్యోగం పోయినట్టే అనుకుని గట్టు మీద కూలబడ్డాను. సున్నం పుయ్యమన్న సలహా కూడా మావదే. బళ్లవాళ్లకు చీకట్లో కనిపించాలని రోడ్డు చెట్లకు సున్నం పట్టీలు వెయ్యడం ఎలాగూ ఉన్నదే. సాయంత్రానికి చెట్ల కన్నా నేనే తెల్లగా తయారయ్యాను.

సోమవారం ఓవర్సీరుగారు సైకిలు మీద వచ్చారు. రెండు చెట్ల జాబితా చదివారు. ఆకులున్న చెట్లను వదిలేసి మోడులకు మాత్రమే పట్టీలు ఎందుకు వేశావని అడిగారు. ఆకుల్లేనివి చీకట్లో సరిగ్గా కనిపించవండీ అన్నాను. (ఇప్పటికీ అంత మంచి అబద్ధం మళ్లీ ఆడలేకపోయాను.) ఆయన సైకిలు దిగి, జేబురుమాలు తీసి పట్టీని తుడిచారు. నల్లటి ఇంటూ బయటపడింది. ఇక దాచి లాభం లేక మొత్తం చెప్పేశాను. చెప్పాక ఒళ్లు తేలికైంది. ఆయన సున్నం అంటిన రుమాలు దులిపి జేబులో పెట్టుకున్నారు.

"ఇంకో పూత వెయ్యవలసింది," అన్నారు. సైకిలెక్కాక వెనక్కి తిరిగి, "రేపటినుంచి కత్తి తెచ్చుకో. గీసి చూడకుండా ఏ చెట్టు సంగతీ నాకు చెప్పకు," అని వెళ్లిపోయారు.

ఆ ఎండాకాలం తురాయిలు నాలుగు మైళ్లూ ఎర్రగా విరగబూశాయి. వాటి కింద నిలబడితే నాకు ఏడుపొచ్చింది. బతికిపోయారర్రా అని పైకే అన్నాను గానీ, బతికిపోయింది నేను. అక్కడినుంచి గొడ్డలి మావ వెనకే తిరిగి, ఏ కొమ్మ కొట్టాలో, ఏది ఉంచాలో, పుచ్చిన చెట్టును ఎలా నిలబెట్టాలో నేర్చుకుని, బతుకంతా చెట్లతోనే గడిపేశాను.

ఇప్పుడు నా తల కూడా మాఘమాసం తురాయే. మధ్యాహ్నం భోంచేసి పడక్కుర్చీలో ఒరిగితే ఎంత పిలిచినా పలకనట. ఈ కథ వందసార్లు విన్న మా ఆవిడ దగ్గరకొచ్చి, నా మోచేతి మీద గోటితో చిన్నగా గీసి చూస్తుంది.

"పచ్చిగానే ఉన్నారు. లెగండి, టీ సల్లారిపోతాది."

తారు డబ్బా పట్టుకుని చెట్ల మీద జాలిపడ్డ ఆ కుర్రాడు గుర్తొచ్చి, కళ్లు తెరవకుండానే నవ్వుకుంటాను.