తాబేలు దాటిన సందు

అరవైల్లో, వాన వెలిసిన ఒక ఉదయం, మా ప్యాసింజరు ఖరగ్‌పూర్ బయట సిగ్నల్ కోసం ఆగింది. ఆగడం దానికి బాగా వచ్చిన పని.

పక్క లైను పట్టాల మధ్య చిక్కుకున్న తాబేలొకటి దాటలేక తిరుగుతోంది. ఎదుటి సీట్లోని నిండు గర్భిణి, తనను పురిటికి పుట్టింటికి తీసుకెళ్తున్న తమ్ముణ్ణి కిందికి దింపింది.

“గుడ్లెట్టడానికి ఎల్తున్నాది. పట్టాల కింద కంకర తియ్యరా.”

“ఎత్తి అవతలెట్టేస్తే సాలదేటి అప్పా?”

“నాకైతే నువ్వొచ్చినావు. రేపొచ్చే తాబేలుకి తమ్ముడున్నాడేటి? రెండేపులా తియ్యి.”

అతను కొత్త చొక్కాతోనే తవ్వాడు. తాబేలు తీరిగ్గా ఆలోచించి, పట్టా కింద దూరి, ఆవిరి కమ్మిన గడ్డిలోకి కలలోలా వెళ్లిపోయింది.

ఆమెకు ఎవరు పుట్టారో తెలియదు. అక్కడ బండి ఆగితే మాత్రం నేనిప్పటికీ విసుక్కోను. గ్యాంగ్‌మన్లు ఆ సందు పూడ్చేశారేమోనని కిటికీలోంచి చూస్తాను.