బావ ఛాతీ మీద బోరు మట్టి

ఇందులో ప్రతి మాటా నిజం. గోదావరి మీద ఒట్టు వేద్దామంటే ఎండాకాలం అందులో ఒట్టుకు సరిపడా నీళ్లుండవు. దేవుడి మీద వేద్దామంటే, నా ఒట్లు విని విని ఆయన నమ్మడం మానేసి చాలా కాలమైంది. అందుకని మా బావ గనిలోకి దిగేటప్పుడు టోపీకి తగిలించుకునే లైటు మీద ఒట్టేస్తున్నాను. కింద ఆ లైటు ఆరిపోతే మనిషికి తన చెయ్యి తనకు కనపడదు. నాలాంటి కోతలరాయుడు కూడా దాని మీద ఉత్త ఒట్టు వెయ్యడు.

మా అక్క వాళ్లుండేది గోదావరిఖనిలో, కంపెనీ క్వార్టర్లో. బావది భూమి కింద బొగ్గు పేల్చే జట్టు. బొగ్గు గోడకు బెజ్జాలు వేసి, అందులో మందు కూరి, పేలుడు వెనక్కి తన్నకుండా బెజ్జం మూతిని మట్టి ఉండలతో బిగిస్తారు. పెళ్లయిన నాటి నుంచి బావ ఆ మట్టి ఉండలు కూరుతూనే ఉన్నాడు. అట్లాంటి మనిషి ఒంటి మీదికే మట్టి ఎక్కిందంటే దానికి కారణం అక్క చేతిలోని ఫోను.

"తమ్మీ, గిది జూడు. గీ మట్టి పెయ్యికి పూసుకుంటె లోపలున్న విషమంత గుంజుతదట."

ఫోనులో ఒక తెల్లటి అమ్మాయి ముఖానికి బూడిదరంగు బురద పూసుకొని నవ్వుతోంది. పక్కన చిన్న గాజు డబ్బా. దాని ధర చూసి ఫోనును మెల్లగా మంచం మీద పెట్టాను, పొరపాటున వేలు తగిలి కొనేస్తానేమోనని.

"అక్కా, గా పిల్ల లోపల విషమెక్కడిది? బొగ్గు బాయిల దిగిందా?"

"నవ్వులాట కాదురా. మీ బావ దగ్గు ఇంటున్నవా? పొద్దుగాల ఉమ్మితె నల్లగ వడ్తున్నది."

వాకిట్లోంచి బావ అందుకున్నాడు. "నల్లగ వడక తెల్లగ వడ్తదా? నేనేమన్న పాల డెయిరీల చేస్తున్ననా?" అని నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు అయ్యేదాకా అక్క, నేను నేల చూస్తూ కూర్చున్నాం.

ఆ దగ్గు మా ఇంట్లో ఉత్త దగ్గు కాదు. దాని మీద ఒక ఉద్యోగం ఆధారపడి ఉంది. సర్వీసు మిగిలి ఉండగానే జబ్బుతో పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే, ఆ మనిషి బదులు పిల్లల్లో ఒకరికి నౌకరి వస్తుంది. అందుకని మా దగ్గర బోర్డుకు పోయే మనిషిని ఆరోగ్యంగా ఉండమని ఎవరూ దీవించరు. "దేవుని దయతోని అన్‌ఫిట్ కావాలె కాకా" అంటారు. ఊపిరితిత్తులు చెడిపోయాయని ఖాయమైన ఇంట్లో మేక తెగుతుంది, కాలనీ అంతా దావత్‌కు వస్తుంది. బావ కూడా దరఖాస్తు పెట్టాడు. ఆయన బిడ్డ, నా మేనకోడలు, డిగ్రీ చదివి మంచిర్యాలలో ఒక బట్టల షాపులో చీరలు విప్పి చూపిస్తోంది. అక్కడ అమ్మే పిల్లలకు కూర్చోవడానికి స్టూలు వెయ్యరు. వారానికోసారి ఇంటికొచ్చి కాళ్లు గోడకానించి పడుకుంటుంది. ఆమె నిలబడడం ఆగాలంటే ఆమె తండ్రి దగ్గు బోర్డు చెవిన పడాలి.

ఈ రెండూ, బోర్డూ మట్టీ, ఒకే ఇంట్లో ఎట్లా ఇముడుతాయని అప్పుడు మాకెవరికీ తట్టలేదు. అక్క ఒక చేత్తో మొగుడి జబ్బు ముదరాలని మొక్కింది, ఇంకో చేత్తో అది నయమయ్యే మట్టి వెతకమని నన్ను తోలింది.

తిరిగాను. కిరాణా కొట్టులో ముల్తానీ మట్టి దొరికింది, చౌకే. అక్క దాన్ని గ్లాసు నీళ్లలో వేసి చూసింది. అసలైన మట్టి నీళ్లు తాగి ఉబ్బుతుందని ఫోను చెప్పిందట. అది ఉబ్బలేదు, గులాబీ అత్తరు వాసన మాత్రం వదిలి అడుక్కి చేరింది. "గిది ముఖానికే, దమ్ముకు కాదు" అని పక్కన పెట్టింది. మంచిర్యాలలో ఒక మూలికల దుకాణానికి పోయాను. ఆయన కాగితంలో ఒక గడ్డ పెట్టి, ఇది హిమాలయాల మట్టి అన్నాడు. విరిచి చూస్తే లోపల వరిపొట్టు.

"సేటూ, హిమాలయాలల్ల వరి ఎప్పుడు కోసిండ్రే?"

"కొనేటోనివైతే గట్ల ఇరుగగొట్టవు. నువ్వు కొనేటోనివి కాదు."

నిజమే చెప్పాడు. వచ్చేశాను.

నేను కమాన్‌పూర్ వైపు ఒక ఓపెన్‌కాస్టు గనిలో, నేల పైనుంచే తవ్వే చోట, డంపర్ లారీ నడుపుతాను. అక్కడ బొగ్గు ఎంత లోతులో ఉందో చూడడానికి బోర్లు వేసే జట్టు ఒకటి దిగింది. వాళ్ల షెడ్డు పక్కన బస్తాలు. ఒకదాని మీద రాసింది చదివి ఆగిపోయాను. బెంటోనైటు. అక్క ఫోనులోని గాజు డబ్బా మీదున్న పేరే! డబ్బా మీద వయ్యారపు అక్షరాల్లో ఉంది, బస్తా మీద లావు అక్షరాల్లో ఉంది, అంతే తేడా. అరచేతిలో పట్టేంత మట్టికి అక్కడ అంత ధర, ఇక్కడ అదే మట్టిని బకెట్లతో బోరులో పోస్తున్నారు.

బోరు మిషను నడిపేవాడు నాకు పాత దోస్తు. చిరిగిన బస్తాలో మిగిలింది ఇమ్మన్నాను.

"ఎందుకురా? ఎవలకు బోరేస్తున్నవ్?"

"మా బావకు. నీళ్లు పడ్తయేమో సూద్దామని."

"అరె, గిది బోరు గోడలు కూలకుండ పోసేది. మనుషులకు పెట్టేది శుద్ధి జేసింది వేరే ఉంటది. పూస్తె పూసినవ్ గని కడుపులకు మాత్రం పోనియ్యకు."

మోటారు సైకిలు మీద ఆ మూట పెట్టుకొని వస్తూ దారంతా కథ అల్లాను. ఉత్త మట్టిని ఉత్తగా ఇవ్వడం నా వల్ల కాదు. అక్క ముందు మూట దించి ఇట్లా చెప్పాను: "బోరుల ఇనుప రాడ్డు ఇరుక్కపోయిందే. క్రేను వెట్టి గుంజిండ్రు, రాలె. గీ మట్టి పోసి బువ్వ తినొచ్చేసరికి రాడ్డు దానంతటదే పైకొచ్చి నిలవడ్డది. ఇనుమునే గుంజినదానికి బొగ్గుపొడి ఎంత?"

బావ నన్ను ఎగాదిగా చూశాడు. "రాడ్డు నడుసుకుంట వచ్చిందా, బస్సెక్కి వచ్చిందా?" అన్నాడు. అక్క మాత్రం మూట విప్పి పొడిని వేళ్లతో నలిపి చూస్తోంది. గ్లాసులో వేసింది. ఉబ్బింది. ఇక నా రాడ్డు కూడా ఆమెకు నిజమైపోయింది.

మరునాటి నుంచి బావ మొదటి షిఫ్టు దిగి స్నానం చేసి రాగానే అక్క పెరట్లో స్టూలు మీద కూర్చోబెట్టేది. ఛాతీకి, వీపుకు మందంగా పూసేది. ఆరుతుంటే ఆ మట్టి వెంట్రుకలు పట్టి గుంజేది. "విషం సంగతేమో గని నా తోలు గుంజుతున్నదే!" అని బావ మొత్తుకునేవాడు. తర్వాత తడిగుడ్డతో తుడిచి తాంబాళంలో పిండితే నీళ్లు నల్లగా దిగేవి. గనిలో పని చేసే మనిషి ఎంత రుద్దుకున్నా చర్మంలో బొగ్గు ఉండిపోతుంది. మట్టి లాగింది ఆ బొగ్గును. అది నాకు తెలుసు. అక్క మాత్రం ఆ తాంబాళంలోకి చంటిపిల్ల ముఖం చూసినట్టు చూసేది.

నేనేమో కాలనీలో ఇంకోటి వదిలాను. బావ ఒంటి మీది నుంచి తీసిన మట్టిని ఎండబెట్టి పొయ్యిలో వేస్తే అంటుకుందనీ, దాని మీద అక్క చాయ్ పెట్టిందనీ. మూడో ఇంటి ఆమె గిన్నె పట్టుకొని పిడికెడు మట్టికి వచ్చింది.

బోర్డు పిలుపు వచ్చింది. ఆ వారం మేనకోడలు ఇంటికొచ్చింది. పెరట్లోకి వచ్చి తాంబాళంలో నల్లనీళ్లు చూసింది, తండ్రి ఛాతీ చూసింది.

"అమ్మా, గంత మంచిగ కడుగుతున్నవ్. బోర్డోళ్లకు కొంచెం మిగిలియ్యే."

హాస్యంగానే అంది. అక్క చెయ్యి మాత్రం గుడ్డతో సహా గాలిలో ఆగిపోయింది. బావ ఆ గుడ్డ అందుకొని తన మీది మట్టి తనే తుడుచుకున్నాడు.

"బంద్ జెయ్యి ఇగ. బోర్డు అయినంక పూద్దువు. లోపలున్నది నేను కష్టపడి జమజేసిందే. బిడ్డకు పనికొస్తది."

అక్క మూటను ముడి బిగించి మంచం కిందికి తోసింది. బోర్డు రోజు వరకు దాన్ని ముట్టలేదు. బావకు కాలనీ వాళ్లు ఎట్లా ఆయాసపడాలో, గొట్టంలో ఎంత తక్కువ ఊదాలో నేర్పారు. "ఉన్నదాన్ని దాచుడు తెలుసు గని లేనట్టు ఊదుడు రాదురా నాకు" అని బావ చిరాకు పడ్డాడు.

బోర్డు నుంచి బావ సాయంత్రం వచ్చాడు. చెప్పులు విడిచి, "ఫిట్టట" అన్నాడు.

మేక తెగలేదు. జనం మాత్రం వచ్చారు. ఆరోగ్యంగా ఉన్నావని తేలిన మనిషిని పరామర్శించడానికి ఒక్కొక్కరే వచ్చి, గడప దగ్గర గొంతు తగ్గించి, "ఫికర్ జెయ్యకు అన్నా, ఏం జేస్తం" అని కూర్చొని పోయారు. బావ వాళ్లందరి ముందూ మామూలుగా దగ్గుతూనే ఉన్నాడు. మట్టి కోసం గిన్నె తెచ్చిన ఆమె, "నీ మట్టి మంచిగనే పనిచేసిందే అక్కా" అనేసి, అన్నాక నాలుక కరుచుకుంది.

జనం పోయాక మేనకోడలు తల్లి పక్కన కూర్చుంది. "గామె మాటలు వట్టించుకోకు. నువ్వు అప్పుడే ఆపినవ్ కద. నీదేం లేదమ్మా."

"ఆపిన బిడ్డా" అంది అక్క.

పొద్దున్నే పిల్ల మంచిర్యాల బస్సెక్కింది. ఇప్పటికీ ఆ షాపులోనే నిలబడుతోంది. బావ షిఫ్టుకు పోతున్నాడు.

ఇప్పుడు నేను కల్పించింది ఏదో చెప్పాలి. నడిచొచ్చిన రాడ్డు, మంటెక్కిన మట్టి మీరు పట్టేసే ఉంటారు. అవి అక్కకూ కాలనీకీ చెప్పినవి. నేను చెప్పానన్నది నిజం కాబట్టి ఒట్టుకు దెబ్బ లేదు. మీకు చెప్పిన అబద్ధం ఒకటుంది. మూటను మంచం కిందికి తోసిందని, బోర్డు వరకు ముట్టలేదని రాశాను. అది నా కల్పన.

అక్క ఆపలేదు. బోర్డుకు ముందు, మిగిలియ్యమని అన్న ఆ వారం బిడ్డ తిరిగి బస్సెక్కిన రోజు నుంచే పెరటి తలుపు గొళ్లెం పెట్టి పూసింది. మూట అయిపోతే ఇంకోటి తెమ్మని నాకే చెప్పింది. తెచ్చాను. లోపలికి పోయేసరికి బావ చేతులు పైకెత్తుకొని కూర్చున్నాడు, బంద్ చెయ్యమన్న ఆ మనిషే, కిక్కురుమనకుండా. నన్ను చూసి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"అక్కా, పిల్ల నౌకరి?" అన్నాను.

అక్క చెయ్యి ఆపకుండానే చెప్పింది. "దానికి నౌకరి ఇంకెక్కడన్న దొరుకుతది తమ్మీ. నాకు గీ మనిషి మల్ల దొరుకుతడా?"

చర్మం మీది మట్టికి ఊపిరితిత్తులకు దారి తెలియదు. బావ ఫిట్ అయ్యింది దాని వల్ల కాదు, దగ్గు అణువంత కూడా తగ్గలేదు. బోర్డుకు ఏం వినపడిందో ఏం వినపడలేదో నాకు తెలియదు. అక్క మాత్రం నమ్మింది. నా రాడ్డును నమ్మింది. నమ్మి, బిడ్డను ఒక పక్క, మొగుణ్ణి ఒక పక్క పెట్టుకొని, తెలిసే పూసింది. ఆమె ఎన్నుకున్నదైనా ఆమెకు దక్కిందా అంటే అదీ లేదు. ఇప్పుడు ఆ దగ్గు వినపడ్డప్పుడల్లా లేచిపోయి పంపు తిప్పి గిన్నెలు తోముతుంది.

మేనకోడలికి చెప్పనని అక్కకు మాటిచ్చాను. ఆ మాట కోసమే ఈ కథలో మంచం కింద మూట పెట్టాను. పిల్ల చదువుతుందన్న భయం కూడా పెద్దగా లేదు, రోజంతా నిలబడొచ్చిన మనిషికి పుస్తకం పట్టే ఓపిక ఎక్కడిది? కాని నేను ఒట్టేసింది బావ లైటు మీద. రేపు మొదటి షిఫ్టుకు ఆయన అదే తగిలించుకొని కిందికి దిగాలి.