రెండు వేళ్ల ఎత్తు

2004 వేసవిలో నన్ను అసిస్టెంట్ మోటారు వాహనాల తనిఖీ అధికారిగా హిందూపురానికి బదిలీ చేశారు. జనం నోట మా ఉద్యోగం పేరు బ్రేక్ ఇన్‌స్పెక్టరు. సొంత కారుకు పదిహేనేళ్లు నిండితే రిజిస్ట్రేషన్ గడువు తీరిపోతుంది. బండిని మళ్లీ చూపించి మా సంతకం వేయించుకుంటేనే మరో ఐదేళ్లు రోడ్డెక్కుతుంది. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీయడంతో ఆ తనిఖీ మొదలవుతుంది. తర్వాత బ్రేకు, స్టీరింగు, లైట్లు, చక్రాలు చూసి, చివరికి మేమే ఒకసారి నడిపి చూస్తాం.

నేను చేరిన నెలలోనే పెనుకొండ నుంచి ప్రకాశం అనే ముప్పై ఏళ్ల మనిషి ఒక పాత చిన్నకారు తెచ్చాడు. ఆయనకు అక్కడ బండ్ల రేకులు సరిచేసే టింకరింగ్ షెడ్డు ఉంది. కారును చూడగానే నాకు ఒళ్లు మండింది. స్ప్రింగులు కోసి నేలకు అంటుకునేలా దించాడు. చక్రాలేమో మడ్‌గార్డుల బయటికి పొడుచుకొచ్చాయి. వెడల్పాటి రిమ్ములకు ఇరుకు టైర్లు లాగి తొడగడంతో, నిటారుగా ఉండాల్సిన టైరు పక్కలు లోపలికి వాలిపోయాయి. బెంగళూరులో కుర్రాళ్లు షోకు కోసం ఇలా చేస్తారని విన్నాను. అలాంటి టైరుకు పంపుతో కొడితే గాలి నిలవదు. లోపల కాస్త పెట్రోలు చల్లి అంటిస్తే ఢామ్మని పేలి, అంచు వెళ్లి రిమ్ముకు కూర్చుంటుంది. ప్రకాశం కనుబొమ్మలు సగం కాలి ఉన్నాయి కాబట్టి, ఆ పని ఆయనే చేసుకున్నాడని అడగకుండానే తెలిసింది.

ఈ వయసులో నీకు ఈ సోకులేమిటప్పా అని కసిరాను. ఆయన వెళ్లి వెనక తలుపు తెరిచాడు.

లోపల ఆయన అక్క సువార్తమ్మ ఉంది. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి, చేతుల మీదే కదులుతుంది. అరచేతులు నేలకు ఆనించి, ఎవరి సాయమూ లేకుండా దిగి, ఆఫీసు అరుగు దాకా వెళ్లి కూర్చుంది. ధర్మవరంలో ఆమెకు గుమాస్తా ఉద్యోగం వచ్చిందనీ, ఇంకో వారంలో చేరాలనీ, రోజూ ఈ కారులోనే తమ్ముడు దింపుతాడనీ చెప్పింది. బస్సులో పోకూడదా అన్నాను.

"బస్సులో ఎత్తి కూసోబెట్టేటోళ్లు మంచోళ్లే సార్. కానీ ఎత్తే ముందర నన్ను అడగరు" అంది.

అప్పుడు నోరు విప్పాడు ప్రకాశం. స్ప్రింగులు కోసినా, ఆమె చేతుల మీద లేచి కూర్చోవడానికి సీటు ఇంకా రెండు వేళ్లు ఎత్తుగానే ఉండిందట. టైరును పక్కలకు లాగితే దాని ఎత్తు తగ్గుతుందని తెలిసి, బెంగళూరు పాత సామాన్ల అంగళ్లన్నీ తిరిగి ఆ రిమ్ములు తెచ్చాడు. కసిరినందుకు నాకు సిగ్గేసింది.

అయినా జాలిపడి సంతకం పెట్టే పని కాదు మాది. అలా లాగిన టైరు గుంతలో పడితే రిమ్మును వదిలేస్తుంది. మాటతో చెబితే నమ్మేలా లేడని, ఆయన్ను పక్కన నిలబెట్టి నేనే కారెక్కాను. డ్రైవింగు పరీక్షకు గీసిన ఎనిమిదంకె మీద మెల్లగా తిప్పాను. రెండో మలుపులో ముందు చక్రం చిన్న గుంతలో పడిందో లేదో, బుస్సుమని గాలిపోయి టైరు ఊడింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే.

నేను దిగేసరికి ప్రకాశం మట్టిలో కూలబడి ఉన్నాడు. "మా యక్క కోసరమని చేస్తి సార్. మా యక్కనే పోగొట్టుకుంటాంటినే" అని ఏడ్చాడు. సువార్తమ్మ అరుగు దిగి, ఆ ఎండలో, కాలే నేల మీద అంత దూరమూ చేతులతోనే వచ్చి తమ్ముడి వీపు నిమిరింది. నాకు కళ్లు చెమర్చాయి.

కారణాలన్నీ చూపి, తిరస్కరించినట్టు రాశాను. మామూలుగా మా పని అక్కడితో సరి. ఆ రోజు మాత్రం వాళ్లను అలా పంపలేకపోయాను. కారు పాత ఎత్తుకే రావాలి, ఎక్కడానికి వేరే దారి చూద్దామన్నాను. పీట వేస్తానన్నాడు ప్రకాశం.

"పీట ఏసేదానికీ తీసేదానికీ మళ్లా ఒక మనిషి కావల్ల గదా" అని సువార్తమ్మ కొట్టిపారేసింది. ఆమే పుల్ల తీసుకుని నేల మీద గీసింది. తలుపు కింద మడతబందులతో ఒక ఇనుప పలక, దానికో తాడు. ఎక్కిన తర్వాత తాడు లాగితే పలక పైకి మడుచుకోవాలి. మడిచాక బయటికి ఏదీ పొడుచుకు రాకూడదని నేను షరతు పెట్టాను.

నాలుగు రోజులకు మళ్లీ వచ్చారు. పాత రిమ్ములు, వాటికి తగిన టైర్లు, కొత్త స్ప్రింగులు. ఒక్కటీ వదలకుండా అన్నీ మొదటి నుంచి చూశాను. పలకను గుంజి చూశాను, దాని మీద నిలబడి చూశాను. ఇక సువార్తమ్మ ఎక్కాలి. ప్రకాశం అలవాటుగా చెయ్యి సాచాడు. ఉండమంది అక్క. ఒక ఊపుకు పలక మీదికి, ఇంకో ఊపుకు సీటు మీదికి చేరి, తాడు లాగి, తలుపు తనే వేసుకుంది.

"పోదాం పా, ఆలస్యమైతాండాది" అంది.

ఆ మెట్టును రికార్డులో నమోదు చేసి సంతకం పెట్టాను. పదవీ విరమణ దాకా రూలు ఒక్కటీ సడలించలేదు, ఎన్నో బండ్లను తిప్పి పంపాను. అయితే తిరస్కరించే ముందు, ఫారంలో గడి లేని ఒక ప్రశ్న తప్పకుండా అడిగేవాణ్ణి: ఇది ఎవరి కోసం చేసినావప్పా?