రోడ్డు అవతలి దవాఖాన

ములుగు రోడ్డులో ఏదైనా దవాఖానకు పోయేవాళ్లకు ముందుగా ఒక మాట. పరకాల నుంచి హన్మకొండకు గంట ప్రయాణం. బస్సు దిగాక రోడ్డు అవతలికి చేరడానికి ఎంతసేపు పడుతుందో మీ ఇంటి దేవుణ్ని అడగాలి.

మా అమ్మాయి శ్రావణికి కాన్పయి నాలుగో రోజు. ఆడపిల్ల. నేను రెండుసార్లు పోయి చూసి వచ్చాను. మా ఆయన మాత్రం ఒకసారి మోకాలు నొప్పి అన్నాడు, ఇంకోసారి నాటు కూలీలు వస్తారన్నాడు. రాత్రి శ్రావణి ఫోన్లో ఏడ్చింది. "ఆడపిల్ల అనే బాపు వస్తలేడు గదనే? మా అత్తగారోళ్లు గూడ గట్లనే అనుకుంటాన్రు" అంది. నాకు ఒళ్లు మండింది. పొద్దున్నే ఆయనకు తెల్లంగీ తొడిగించి, ఇవాళ కదలకపోతే ఇంట్లో పొయ్యి వెలగదని చెప్పి బయల్దేరదీశాను.

ఎనిమిదిన్నరకు బస్సు. నాకు ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్, ఆయనకు డబ్బులు. ముప్పై ఏళ్లు ఇదే రూట్లో బస్సు నడిపి రిటైరైన మనిషి కదా, డ్రైవరు వెనక సీట్లో కూర్చుని గేరు గేరుకూ ఒక వంక పెట్టాడు. ఆత్మకూరు దాటేసరికి డ్రైవరు అద్దంలోంచి చూసి, "పెద్దమనిషీ, నువ్వే వచ్చి కూసుంటవా?" అని అడిగాడు. అప్పుడు కొంచెం తగ్గాడు. ఇంటి నుంచి కట్టుకొచ్చిన సర్వపిండి తలో ముక్క తిన్నాం.

తొమ్మిదిన్నరకు దిగాం. దవాఖాన ఎదురుగానే, రోడ్డు అవతల. పదకొండు దాకా లోపలికి పంపుతారు. బోలెడంత టైముందని నేను సంబరపడ్డాను.

జీబ్రా చారలు లేవని అనకూడదు. ఉన్నాయి, తెల్లగా కొత్తగా. కాకపోతే అవి నేరుగా పోయి డివైడరు మీది ఇనుప కంచెకు తగులుతాయి. చారలు నమ్ముకున్నవాడు కంచె దూకాలి, లేదా వచ్చిన దారినే పోవాలి. కంచెకు సందు మరికొంత దూరంలో ఉంది. అక్కడ చారలు లేవు.

ఆ సందు దగ్గరికి పోయి, కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని అడుగు వేశాను. వెనక్కి చూస్తే ఆయన కరెంటు స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. లారీ పోనిమ్మన్నాడు, పోయింది. దాని వెనక బస్సు పోనిమ్మన్నాడు, అదీ పోయింది. చివరికి ఆటోను పిలిచి, మనవరాలిని చూడాలి, అవతల దించమని అడిగాడు. ఆటో అతను మమ్మల్నీ దవాఖాననూ మార్చి మార్చి చూసి, తాను యూ టర్న్ తీసుకుని వచ్చేసరికి ఆ పిల్ల నడక నేర్చుకుంటుందని చెప్పి వెళ్లిపోయాడు.

పదిన్నర దాటింది. ఇక ఓపిక పట్టలేక, "ఏమయ్యా, నిజం చెప్పు. పిల్లను చూసుడు ఇష్టం లేదా నీకు?" అని అడిగేశాను.

ఆయన మొహం చిన్నబోయింది. "గదేం మాటనే? నాకు రోడ్డంటె భయం. ముప్పై ఏండ్లు ఆ సీట్ల నేనే కూసున్న. మనిషి చెయ్యెత్తితే మేం బ్రేకు తొక్కం, హారన్ కొడ్తం. గా సంగతి నాకు ఎర్కనే గద."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పరకాలలో మా ఇల్లు, డిపో రోడ్డుకు ఒకే పక్క. ఈ మనిషి రోడ్డును ఎప్పుడూ పైనుంచే చూశాడన్న సంగతి ఇన్నేళ్ల కాపురంలో నాకు తట్టనే లేదు.

అప్పుడు మక్కకంకుల తోపుడుబండి నెట్టుకుంటూ ఒకామె వచ్చింది. మా అవస్థ చూసి, "నా బండి ఎంబడి రాండ్రి. మనిషి అడ్డమొస్తే ఆగరు, బండి అడ్డమొస్తే ఆగుతరు. కారుకు గీతలు పడ్తయని భయం" అంది. మా ఆయనకు ప్రాణం లేచొచ్చింది, పట్టుకోవడానికి ఒక హ్యాండిల్ దొరికింది కదా. ఆమెను పక్కకు జరిపి తనే నెట్టాడు. దీనికి హారన్ లేదా అని అడిగాడు. తన నోరే హారనని ఆమె కేక పెట్టింది. ఆ తిట్లు ఇక్కడ రాయలేను గానీ రెండు కార్లు, ఒక టిప్పరు ఆగాయి. అవతల చేరాక మా ఆయన బండిని రోడ్డు వారగా ఒద్దికగా పార్క్ చేసి మరీ వదిలాడు.

వాచ్‌మన్ గేటు మూయబోతుండగా లోపల పడ్డాం. శ్రావణి తండ్రిని చూసి మొహం గోడవైపు తిప్పుకుంది. ఆయన చేతులు కడుక్కుని వచ్చి పిల్లను ఎత్తుకున్నాడు. పిల్ల ఆయన వేలు పట్టుకుంది. అంతే, వెక్కి వెక్కి ఏడ్చాడు. శ్రావణి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచేదేముంది. తర్వాత బండి కథ చెబితే, నవ్వలేక చస్తున్నానని, కుట్లు లాగుతున్నాయని బాలింత మా మీదే కోప్పడింది.

పరకాల బస్సు దవాఖాన పక్కనే ఆగుతుంది, దాటే పని లేదు. బయట భోజనం చేసి రెండింటికి ఎక్కాం. పిల్ల ముక్కు తనదేనని ఆయన, కాదని నేను. గూడెప్పాడ్ మలుపు ఇంకా రాకముందే ఆయన ఉన్నట్టుండి ముందుకు వంగి, "తమ్మీ, జర ఆపు. పసిపిల్లతోటి దాటనీకి నిలబడ్డదామె" అన్నాడు.

డ్రైవరు ఏ కళనున్నాడో ఆపాడు. ఆమె మాత్రం దాటలేదు. తాను ఎక్కేది లేదు, పొమ్మని చెయ్యి ఊపింది. దాటమని డ్రైవరు చెయ్యి ఊపాడు. తన కోసం బస్సు ఆగిందంటే ఆమె నమ్మితే కదా! వెనక హారన్లు మొదలయ్యాయి. మా ఆయన గబగబా దిగి, చెయ్యి అడ్డంగా చాపి, ఆమెను పక్కన పెట్టుకుని అవతలికి దాటించాడు. బస్సంతా చూసింది. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. ఆ తర్వాత అర్థమైంది, ఈయన మళ్లీ ఇవతలికి రావాలని.

రాలేదు. లారీలు వరుస కట్టాయి. కండక్టరు అరిచాడు, డ్రైవరు అరిచాడు. సంచి పట్టుకుని నేను దిగక తప్పలేదు. బస్సు పోయింది. అటూ ఇటూ చూసి దాటి, తిడదామని నోరు తెరిచాను.

"ఇటు దిక్కు గూడ బస్సులు ఆగుతయే" అన్నాడు ముందుగానే.

"గవి హన్మకొండ పోతయి."

"పోనియ్. అయిదింటికి మల్ల లోపలికి పంపుతరట. వాచ్‌మన్‌ను అడిగిన."

అక్కడ దిగితే మళ్లీ అదే రోడ్డు దాటాలని నేను గుర్తు చేయలేదు. ఆయనకు తెలియదా ఏం? బస్సు కనబడగానే నాకంటే ముందు చెయ్యెత్తాడు.