కామాగారు తీసేసిన కొటేషన్లు

బట్టలకు రంగులు వేసే ఆ మిల్లు ఆఫీసులో ఆమెను అందరూ కామాగారనే పిలిచేవారు. మొదట్లో వెనకాల, తర్వాత ముఖం మీదే. ముప్పై ఒక్క ఏళ్ళుగా టైపు చేస్తున్న మనిషి. ఎవరు ఏ కాగితం తెచ్చినా ముందు చుక్కలూ కామాలూ చూసి, ఆ తర్వాతే విషయం చదివేది. కొత్తగా చేరిన గుమాస్తా పిల్లకు రోజూ పాఠమే.

"సెడ్ తర్వాత కామా పెట్టి, అప్పుడు కొటేషన్ తెరవాలి. లోపల మొదటి అక్షరం పెద్దది. చివరి చుక్క పడ్డాకే కొటేషన్ మూయాలి. తలుపు వేసేశాక చుట్టాన్ని లోపలికి పిలుస్తామా?"

ఇన్‌డైరెక్టు స్పీచిలోకి మారిస్తే గుర్తులు పోతాయి, దట్ వస్తుంది, కాలం ఒక మెట్టు వెనక్కి దిగుతుంది, ఐ కాస్తా హి అవుతుంది. "మనకు ‘అని’ ఒక్కటే ఈ చాకిరీ అంతా చేసిపెడుతుంది. ఇంగ్లీషుకు ఆ అదృష్టం లేదు" అని నవ్వేది. ఇంట్లో ఆమె, పెళ్ళి కాని అక్క, అంతే. ఇద్దరికీ ఆ జీతమే ఆధారం.

ఒక ఉదయం ఆవిరి గొట్టం వాల్వ్ తెరిచి ఉండిపోయి, రంగు తొట్టి దగ్గర పనిచేసే ఆవిడ చేతులు మోచేతుల దాకా ఉడికిపోయాయి. పెద్దాఫీసు నుంచి విచారణకు ఒక అధికారి వచ్చాడు. సాక్షులు చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులోకి మార్చి టైపు చేసే పని కామాగారిది.

బాయిలర్ చూసే మనిషి చేతులు కట్టుకుని నిలబడి చెప్పాడు. "ఆమెను వ్యాను ఎక్కిస్తుంటే ఫోర్‌మన్ గారు నాతో అన్నారండి, వాల్వ్ మూయడం నేనే మర్చిపోయానురా అని. ఏడుస్తూ అన్నారు."

ఆమె టైపు చేసింది: ది ఫోర్‌మన్ సెడ్ టు మి, "ఐ ఫర్‌గాట్ టు క్లోజ్ ది వాల్వ్."

అధికారి అతన్ని వరండాలో కూర్చోమని పంపి, కాగితం చదివాడు. ఫోర్‌మన్ మిల్లు మేనేజరుకు స్వయానా బావమరిది.

"ఇది రిపోర్టమ్మా, నాటకం కాదు. ఈ కొటేషన్లెందుకు? తీసేసి దట్ పెట్టండి."

"అలాగేనండి. దట్ హి హాడ్ ఫర్‌గాటెన్ అని మారుస్తాను."

"హి వద్దు. అతను ‘నేను’ అన్నాడా లేదా? సాక్షి మాట మీరెందుకు మార్చడం?"

"ఆ ‘నేను’ ఫోర్‌మన్ గారిదండి. గుర్తులు తీసేసి ఐ అలాగే ఉంచితే, మర్చిపోయింది ఇతనే అవుతాడు."

అధికారి కళ్ళజోడు తీసి నెమ్మదిగా తుడుచుకున్నాడు. "రిటైర్మెంటు ఎన్నాళ్ళుంది?"

"ఏడు నెలలండి."

"మంచిది. ప్రశాంతంగా వెళ్ళండి."

అడకత్తెరలో పోకచెక్కలా ఆమె నలిగింది. తర్వాత రెండు వైపులా గుర్తులు తీసేసి, దట్ పెట్టింది. ఫర్‌గాట్‌ను హాడ్ ఫర్‌గాటెన్ చేయడం మాత్రం మర్చిపోలేదు. ది ఫోర్‌మన్ సెడ్ టు మి దట్ ఐ హాడ్ ఫర్‌గాటెన్ టు క్లోజ్ ది వాల్వ్. తప్పుడు పని కూడా తప్పుల్లేకుండా చేసింది. పాత దాని మీదే కొత్తది సేవ్ చేయడంతో మొదటి వాక్యం కంప్యూటర్లో కూడా మిగల్లేదు.

బాయిలర్ మనిషి సంతకం పెట్టబోతూ ఆగాడు. "అమ్మా, నాకు ఇంగ్లీషు రాదు. నేను చెప్పినట్టే ఉంది కదా?"

"నువ్వు చెప్పిన మాటలే ఉన్నాయి" అంది ఆమె, కీబోర్డు వైపు చూస్తూ.

పదకొండో రోజున అతని ఉద్యోగం పోయింది. ఫోర్‌మన్ ఆ మాట అన్నప్పుడు కాదనలేదు కాబట్టి నేరం తానే ఒప్పుకున్నట్టని ఉత్తరంలో రాశారు, ఆ వాక్యం కూడా ఎత్తి చూపించారు. అతని భార్య పదో తరగతి దాకా చదువుకుంది. డిక్షనరీ పెట్టుకుని ఆ వాక్యం కూడబలుక్కుని, ఆదివారం మొగుణ్ణి వెంటబెట్టుకుని కామాగారి ఇంటికి వచ్చింది. అక్క మంచినీళ్ళిచ్చి లోపలికి వెళ్ళింది.

కామాగారు దాచలేదు. ఎవరు తీయమన్నారో, తనెందుకు తీసిందో అంతా చెప్పింది.

అతను మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టాడు. "ఆ రోజు మిమ్మల్ని అడిగాను కదమ్మా."

"అడిగావు."

"నేను చెప్పిన మాటలే అన్నారు. అబద్ధం కాదు గదా అది."

"అబద్ధమైనా బాగుండేది, తిట్టుకోవడానికి" అంది అతని భార్య.

వాళ్ళు వెళ్ళాక అక్క వచ్చి, "చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమే?" అంది. అయినా మర్నాడు కామాగారు జరిగింది జరిగినట్టు రాసి, సంతకం చేసి, పెద్దాఫీసుకు పంపింది. మూడు వారాలకు జవాబొచ్చింది. మొదటి ప్రతి ఉన్నట్టు ఆధారం లేదనీ, ఉంటే అది టైపిస్టు పొరపాటేననీ, సాక్షి సంతకం సరిగ్గానే ఉందనీ. ఆమెను పాత ఫైళ్ళ గదికి మార్చారు. అక్కడ కంప్యూటరూ లేదు, కిటికీ కూడా లేదు. ఫోర్‌మన్ ఇంకో షెడ్డుకు పెద్ద అయ్యాడు. బాయిలర్ మనిషి ఇటుకల లారీలకు లోడింగు పనిలో చేరాడు.

కామాగారి మనసులో ఇంకొకటి మిగిలిపోయింది. చేతులు కాలిన ఆవిడ బాయిలర్ మనిషి ఎదురైతే ముఖం తిప్పుకుంటోందని తెలిసింది. ఒక సాయంత్రం ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. చెల్లెలు కలిపిన ముద్ద నోట్లో పెడుతుంటే ఆవిడ తింటోంది.

"ఆ బాయిలర్ అతను మర్చిపోయానని అనలేదమ్మా. ఫోర్‌మన్ అన్న మాట అతను చెప్పాడు. రాయడంలో తిప్పింది నేనే" అంది కామాగారు.

ఆవిడ ముద్ద మింగి, మెల్లగా అంది. "నాకు ఆఫీసువాళ్ళు చదివి వినిపించారండి. ‘ఐ’ అంటే నేనని నాకూ తెలుసు. కింద సంతకం కూడా అతనిదే. పాపం, అతని మీద జాలితో వచ్చినట్టున్నారు."

చెల్లెలు ఇంకో ముద్ద అందించింది. కామాగారు గుమ్మంలోకి వచ్చి, చెప్పులు వేసుకుంది.